గాంబియా వంత

భిక్షపతికి ఒగ్గు కథ చెప్పడం వచ్చు. కోపం తెచ్చుకోవడం అంతకన్నా బాగా వచ్చు. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌ నుంచి ఎల్బీ నగర్‌ దాకా మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచాడంటే బస్సుల్లేక కాదు. బస్సు వచ్చింది, ఆగింది, ఎక్కడానికి జాగా కూడా ఉంది. కానీ అందులో కండక్టరు ఎవరనుకున్నారు? ఖాకీ బట్టలేసుకుని, భుజాన తోలు సంచీ తగిలించుకుని, "జరగాలె, ముందుకు జరగాలె" అంటున్నవాడు సాక్షాత్తూ భిక్షపతి చిన్నాయన కొడుకు మట్టయ్య. నిన్నమొన్నటి దాకా కథలో పక్కన నిలబడి, ప్రతి మాటకూ "ఊఁ" కొట్టి, "ఆఁ, అటెన్క ఏమాయె?" అని అడిగిన వంతవాడు.

"అన్నా, ఎక్కు ఎక్కు" అన్నాడు మట్టయ్య సంతోషంగా.

"నీ బస్సు నాకెందుకురా! దేవుని కథకు ఊ కొట్టిన నోటితోని రైట్ రైట్ అంటున్నవ్. శరం లేదా?"

"సర్కారు నౌకరీకి శరమెందుకన్నా? ఆదివారం నాకు డ్యూటీ పడ్డది. కథకు ఒస్తలేను. గుస్స చేయకు."

బస్సు పోయింది. భిక్షపతి దానికి అడ్డమైన శాపనార్థాలూ పెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని నడక మొదలుపెట్టాడు. మట్టయ్యను అని ఏం లాభం? వాడికీ పెళ్లాం పిల్లలున్నారు. కానీ ఈ ఆదివారం, ఎప్పుడూ తమతోనే కథ చెప్పించుకునే అండాలమ్మ కొత్త ఇంట్లో మల్లన్న కథ ఉంది. వంతవాడు లేకుండా కథ ఎట్లా?

చూసేవాళ్లకు వంతవాడి పని చాలా తేలిగ్గా కనపడుతుంది. కథకుడు ఎగురుతాడు, ఏడుస్తాడు, నవ్విస్తాడు. వంతవాడు నిలబడి "ఊఁ" అంటాడు, అంతే కదా అనుకుంటారు. ఆ ఊ పడితేనే కథకుడికి తర్వాతి మాట నోటికొస్తుంది. ఒక క్షణం ముందు పడితే మాట తెగిపోతుంది, ఒక క్షణం ఆలస్యమైతే ఊపిరి తెగిపోతుంది. భిక్షపతి తన ఇంట్లో గోడ ముందు నిలబడి ఒంటరిగా చెప్పి చూసుకున్నాడు కూడా. నాలుగు మాటల తర్వాత గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

అండాలమ్మకు ఈ సంగతి చెప్పేసి, కథ ఇక నా వల్ల కాదని దండం పెట్టేద్దామని బయల్దేరాడు. కథలకు పిలిచేవాళ్లే తగ్గిపోయారు. పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, గొర్రెలు మేసిన చోట గుంజలు పాతి నంబర్లు రాశారు. అండాలమ్మ కొడుకు నర్సింహ కూడా ఆ ప్లాట్ల వ్యాపారమే చేస్తున్నాడు. అతని దగ్గర ప్లాట్లకు కాపలా ఉండే నౌకరి ఏదైనా ఇప్పించమని అడగాలని కూడా దారిలోనే అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

అండాలమ్మ ఇల్లు ఎల్బీ నగర్‌లో ఒక కాలనీ చివర ఉంది. కింద వాళ్లుంటారు, పైన ఒక గది కిరాయికిచ్చారు. భిక్షపతి గేటు తీసి లోపల కాలు పెట్టాడో లేదో, పై నుంచి గొంతులు వినబడ్డాయి. ఒక ముసలి గొంతు గడగడా ఏదో చెబుతోంది. ఆగుతోంది. వెంటనే ఒక పడుచు గొంతు ఒక్క మాట అంటోంది. మళ్లీ ముసలి గొంతు అందుకుంటోంది.

భాష తెలియలేదు. తెలియక్కర్లేదు కూడా. కథ, వంత! భిక్షపతి రక్తం సలసలా మరిగింది. తనకు చెప్పకుండా అండాలమ్మ వేరే జట్టును పిలిపించింది. కర్ణాటక దిక్కు నుంచి పిలిపించినట్టుంది, మాట అర్థం కావడం లేదు.

"ఎవడ్రా అది, నా గడపల కథ జెప్పేటోడు!" అని మెట్లన్నీ దబదబా ఎక్కేశాడు.

గదిలో జట్టూ లేదు, గిట్టూ లేదు. చాప మీద బాసింపట్టు వేసుకుని నల్లటి, పొడుగాటి పిల్లగాడు ఒకడే కూర్చుని ఉన్నాడు. అతని ముందు టేప్ రికార్డర్ ఉంది. ముసలి గొంతు అందులోంచి వస్తోంది. పిల్లగాడు కళ్లు మూసుకుని, అది ఆగినప్పుడల్లా "నామూ" అంటున్నాడు.

భిక్షపతిని చూసి ఉలిక్కిపడి మీట నొక్కి టేపు ఆపాడు. "కాకా, సౌండ్ ఎక్కువైందా? మాఫ్ చేయి."

తెలుగులోనే అన్నాడు. భిక్షపతి కోపం సగం అక్కడే దిగిపోయింది. "నువ్వు ఏసీ గార్డ్స్ సిద్దీల పిలగానివా? పెండ్లిళ్లల్ల మర్ఫా డోళ్లు కొడ్తరు గదా మీరు?"

"కాదు కాకా. నాది గాంబియా. ఆఫ్రికాల ఉంటది. ఉస్మానియాల బీకాం చదువుతున్న. నా పేరు కెబా."

అప్పటికే కింద నుంచి అండాలమ్మ వగరుస్తూ పైకొచ్చింది. బొట్టుబిళ్లంత ముక్కుపుడక, నోటి నిండా తమలపాకు. "ఏమైంది తమ్మీ, గట్ల ఒర్లుతున్నవ్? వీడు మా కెబ్బా. దిల్‌సుఖ్‌నగర్‌ల ఎవ్వరూ రూము ఇయ్యలేదంట. నల్లగున్నడంట. మా ఇంటాయన ఏం తెల్లగుండెనా? నేనిచ్చిన."

"అది సరేగాని అక్కా, గా ముసలాయన ఎవరు? టేపుల ఉన్నాయన?"

కెబా ముఖం వెలిగింది. అతనికి ఇన్నాళ్లూ ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. వాళ్ల తాతట. సొరకాయ బుర్రకు తీగలు కట్టిన వాద్యం వాయిస్తూ ఇళ్లిళ్లకూ తిరిగి, ఆ ఇంటి పెద్దల పేర్లూ, వాళ్లు చేసిన ఘనకార్యాలూ చెప్పడం వాళ్ల వంశవృత్తి. ఉత్తరం రాయడం రాదు కాబట్టి మనవడికి కథను క్యాసెట్లో పంపాడు. పక్కన వంతవాడు లేడు. మనవడు అంత దూరంలో వింటూ జవాబిస్తాడని, ప్రతి మాట తర్వాతా కాసేపు ఆగి చెప్పాడు.

"మా దిక్కు కథ చెప్పేటప్పుడు పక్కన ఒకడుంటడు కాకా. 'నామూ' అంటడు. అంటే 'ఔను, నిజం, ఇంటున్న, చెప్పు' అని."

భిక్షపతి చాప మీద కూలబడ్డాడు. సముద్రాల అవతల కూడా ఒక మట్టయ్య ఉన్నాడన్నమాట! "మల్ల పెట్టు" అన్నాడు. టేపు తిరిగింది. ముసలాయన ఆగిన చోట కెబా "నామూ" అన్నాడు, భిక్షపతి అలవాటు కొద్దీ "ఊఁ" అన్నాడు. రెండూ ఒక్కసారే పడ్డాయి. అండాలమ్మ పగలబడి నవ్వింది.

"ఇంకోటున్నది, ఇను" అని కెబా వేరే క్యాసెట్ వేశాడు. న్యూయార్క్‌లో ఉన్న చుట్టం పంపిందట. దబ్బు దబ్బుమని డోలు లాంటి చప్పుడు, దాని మీద ఒక కుర్రగొంతు. పాడటం లేదు, మాట్లాడుతున్నాడు. మాటలే తాళం మీద దొర్లుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.

భిక్షపతి నోరు తెరిచాడు. "ఓరి వీని! ఊపిరి తీస్తలేడేందిరా? ఎవన్ని తిడుతున్నడు?"

"తిడ్తలేడు కాకా. తన గురించి చెప్పుకుంటున్నడు. నా అసోంటి మొనగాడు ఈ గల్లీల లేడంటున్నడు."

"అరె, కథ ముందల నేను జెప్పేది గదే గదా!"

ఇంతలో టేపులో వాడు ఏదో కేకేశాడు. వందల గొంతులు ఒక్కసారి "హో!" అన్నాయి. భిక్షపతి తొడ చరిచాడు. "వంత! జనమంత వంతే! వాని అదృష్టం జూడు, వానికి మట్టయ్య అవసరమే లేదు."

"దీన్ని రాప్ అంటరు" అన్నాడు కెబా. "వెనుకట మా మనుషుల్ని ఓడలల్ల కట్టేసి గా దేశానికి తీస్కపోయిన్రు. డోలు కొట్టనియ్యలేదు. డోలు గుంజుకుంటే నోటినే డోలు చేసుకున్నరు. గా నోరే గిది. మా తాత కథకు ఇది మనుమని లెక్క."

"మరి పెద్దల పేర్లు? అవన్న మిగిలినయా?"

కెబా టేపు ఆపాడు. "శానా పోయినయి కాకా. ఎవరు ఎవరి బిడ్డనో తెల్వకుంట చేసిన్రు. అందుకే గీ పిలగాండ్లు మైకు దొరకంగనే మొదలు వాళ్ల పేరు వాళ్లే గట్టిగ చెప్పుకుంటరు అనిపిస్తది నాకు."

అండాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పేరు చెప్పేటోడు లేకుంటే మనిషి పుట్టనట్టే గదా బిడ్డా" అంది. అప్పుడు అసలు సంగతి కూడా చెప్పింది. ఆమె మామ ఈరమల్లు నల్లగొండ దిక్కు నుంచి నాలుగు గొర్రెలు తోలుకుని ఇక్కడికొచ్చాడు. ఒక పటేలు దగ్గర జీతగాడుగా ఉండి, రాత్రుళ్లు గొర్రెల దగ్గర పడుకుని, ఈ గడ్డ మీద ఇంత భూమి సంపాదించాడు. గుడిసెలోనే పోయాడు, పక్కా ఇల్లు చూడలేదు. ఇల్లు కడితే దేవుడి ముందు ఆయన పేరు వినిపిస్తానని అండాలమ్మ మొక్కుకుంది. కథకు ముందు ఇంటి పెద్దల పేర్లు వరుసగా చెప్పడం భిక్షపతి వాళ్ల ఆచారం. పేరు పలికి, ఊ పడితే, ఆ పెద్దమనిషి వచ్చి దీపం దగ్గర కూర్చుంటాడు. పలకకపోతే గుమ్మం బయటే నిలబడిపోతాడని వాళ్ల నమ్మకం. భిక్షపతి తలొంచుకుని మట్టయ్య డ్యూటీ సంగతి చెప్పాడు.

"గిప్పుడు ఊ కొట్టేటోడు లేడంటవా తమ్మీ? ఎదురుంగ ఉన్నడు గదా!" అంది అండాలమ్మ కెబాను చూపిస్తూ.

భిక్షపతి కెబా వంక ఎగాదిగా చూశాడు. కెబా భిక్షపతి వంక చూశాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

ఆ వారమంతా సాయంత్రాలు మేడ మీద సాధన. భిక్షపతి గురువు వేషం కట్టి తిట్టడానికి సిద్ధంగా కూర్చున్నాడు గానీ పిల్లగాడు సందివ్వలేదు. కథలో పాత మాటలు అర్థం కాకపోయినా భిక్షపతి భుజం కదలిక చూసి, ఊపిరి పట్టుకుని, సరిగ్గా పడాల్సిన చోట పడేవాడు. ఇక పేర్ల వరుస ఒక్కసారి వినగానే అప్పజెప్పేశాడు: ఐలయ్య, బీరయ్య, ఈరమల్లు, సత్తయ్య. సత్తయ్య అండాలమ్మ మొగుడు. "పేర్లు పట్టుకునుడు మా ఇంట్ల పాలు తాగిన కాడికెంచి నేర్పుతరు కాకా" అన్నాడు. మధ్యలో అతను రాప్ తాళంలో భిక్షపతి పేరు కలిపి ఏదో కట్టేవాడు. భిక్షపతి మురిసిపోయి దానికి వంత పాడేవాడు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కిటికీలు మూసుకున్నారు, మళ్లీ తెరిచారు.

అంతా సవ్యంగా ఉందనుకునేసరికి శనివారం సాయంత్రం నర్సింహ భిక్షపతిని పక్కకు పిలిచాడు.

నర్సింహ చెడ్డవాడు కాదు. ఇస్త్రీ మడత నలగకుండా బతకాలనుకునే మనిషి. "మామా, రేపు కాలనీ అసోసియేషనోళ్లొస్తున్నరు. ప్లాట్లు కొనే ఆఫీసర్లొస్తున్నరు. మా తాత జీతగాడు, గొర్లు కాసిండు అని మైకుల జెప్తవా? నా ఇజ్జత్ ఏం గావాలె? గా ఒక్క పేరు దుంకియ్యి. బీరయ్య అన్నంక సీదా మా నాయన పేరుకు రా."

"అక్క మొక్కు గదా నర్సింహా..."

"అమ్మ పనుల పడి ఏం ఇనదు. ఇను, నా మాట పట్టినవంటే నా కాలనీలల్ల ప్రతి ఇంటికి నీ కథే. పట్టలేదంటే టూ-ఇన్-వన్ కొన్న, మల్లన్న కథ క్యాసెట్ తెచ్చిన. రేపు అదే పెడ్త. ఇంకెవ్వరి ఇంట్ల నిన్ను పిలిచేటోడుండడు."

భిక్షపతి కాదనాలనే అనుకున్నాడు. కానీ డోలు, తాళాలు దుమ్ము పట్టి మూల పడుండటం కళ్ల ముందు కదిలింది, చేతిలో కర్ర, మెడలో విజిలు వేసుకుని ప్లాట్ల చుట్టూ తిరుగుతున్న తను కనిపించాడు. "సరే తియ్" అన్నాడు. కెబాకు ఈ మాట చెప్పడానికి ముఖం చెల్లలేదు. డోలు మోతలో ఒక్క పేరు తగ్గితే వాడికేం తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం ఇంటి ముందు పందిరి వేశారు. పసుపు, కుంకుమలతో మల్లన్నకు పట్నం ముగ్గు వేశారు, దీపం పెట్టారు. గొంగడి కట్టుకుని, నుదుటిన అడ్డంగా పసుపు పూసుకుని కెబా వచ్చి నిలబడేసరికి పందిరంతా గొల్లుమంది. ఈలలు వేశారు. డోలు మోగింది.

పక్కింటి సాంబమూర్తి గారు గుంటూరు వైపు మనిషి. ముందు కుర్చీలోంచి వెనక్కి తిరిగి, "ఏవండీ, ఆ అబ్బాయికి తెలుగు అర్థమవుతుందంటారా?" అన్నారు.

"ఊ కొట్టనీకి తెలుగెందుకయ్యా, చెవులుంటె సాలు" అంది అండాలమ్మ.

భిక్షపతి గజ్జెలు ఘల్లుమనిపించి గొంతెత్తాడు. ఆగాడు. "నామూ!" అన్నాడు కెబా. పిల్లలు కిసుక్కుమన్నారు. భిక్షపతి రెండో మాట అన్నాడు. "నామూ!" మూడో మాటకు పిల్లలే ముందందుకున్నారు. నాలుగో మాటకు పందిరంతా "నామూ!" అంది, సాంబమూర్తి గారితో సహా. భిక్షపతికి ఒళ్లంతా పూనకం వచ్చినట్టయింది. టేపులో విన్న ఆ కుర్రవాడి అదృష్టం ఇవాళ తనకు పట్టింది. జనమంతా వంతే!

అట్లా ఊపులో పెద్దల వరుస దగ్గరికొచ్చాడు.

"ఐలయ్య కొడుకో... బీరయ్యా!"

"నామూ!"

నర్సింహ టూ-ఇన్-వన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఇటే చూస్తున్నాడు. భిక్షపతి కళ్లు దించుకున్నాడు.

"బీరయ్య ఇంటి దీపమో... సత్తయ్యా!"

ఊ పడలేదు.

భిక్షపతి గజ్జె కదిలించి మళ్లీ అన్నాడు. "బీరయ్య ఇంటి దీపమో... సత్తయ్యా!"

కెబా నోరు తెరవలేదు. అతను అననిదే జనమూ అనలేదు. డోలు కొట్టేవాడు రెండు దెబ్బలు అదనంగా వేసి ఆగిపోయాడు. భిక్షపతి కెబా వైపు వంగాడు. "అనురా" అన్నాడు పళ్ల మధ్య నుంచి. పిల్లగాడు పాపం, కాకా మరిచిపోయాడు, పరువు కాపాడాలి అనుకున్నాడు. దగ్గరికి జరిగి, చెవిలో రహస్యంగా చెప్పాడు. మైకు వాళ్లిద్దరి మధ్యే ఉందన్న సంగతి చూసుకోలేదు.

"కాకా, ఒకాయన తక్కువైండు. ఈరమల్లు తాత."

ఆ రహస్యం కాలనీ మొత్తానికి వినిపించింది.

ముందు వరుసలో అండాలమ్మ లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నారంతా. అరవలేదు. "తమ్మీ, మా మామను గుమ్మం బయట నిలవెడ్తివా?" అంది. "ఆయన సంపాయించిన జాగల కట్టిన ఇంటికి ఆయననే రానియ్యవా?"

మరిచిపోయానక్కా అని ఒక్క మాటంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. భిక్షపతి నర్సింహ వైపు చూశాడు. నర్సింహ కళ్లతోనే 'కానియ్, ముందుకు పో' అన్నాడు. భిక్షపతి కెబా వైపు చూశాడు. కెబా అమాయకంగా, ధైర్యం చెబుతున్నట్టు తలాడించాడు. పేర్లు పోగొట్టుకున్నవాళ్ల సంగతి చెప్పింది వీడే. తను ఉన్న పేరును చేతులారా పారేస్తున్నాడు. థూ, ఇదేం బతుకు అనుకున్నాడు భిక్షపతి. కాపలా కర్రే పట్టాల్సి వస్తే పడదాం!

తువ్వాలు నడుముకు బిగించాడు. గజ్జెలు మోగించి, డోలు వైపు చెయ్యి విసిరాడు.

"బీరయ్య కొడుకో... ఈరమల్లూ!"

"నామూ!" అన్న కెబా కేకకు పందిరి గుంజలు అదిరాయి.

"నల్లగొండ కెంచి నాలుగు గొర్లతోని నడిసొచ్చినోడో!"

"నామూ!" అంది పందిరంతా.

"పటేలు కాడ జీతం జేసి, రాళ్ల గడ్డ దున్నినోడో!"

"నామూ!"

"గీ కాలనీల ఫస్టు ప్లాటు గొన్న మొనగాడో!"

పందిరంతా నవ్వుతో ఊగిపోయింది. ముందు కుర్చీలో ఒక ఆఫీసరు లేచి, "మా తాతా జీతగాడేనయ్యా, కానియ్!" అని అరిచాడు. ఇంకెవరో "మా తాత కూడ" అన్నారు. భిక్షపతి ఆగలేదు. గొంతు తగ్గించి, మైకు వదిలేసి, నర్సింహకు ఎదురుగా నడిచాడు.

"వానొస్తే తాను తడుసుకుంట, గొంగడి మనుమని మీద కప్పి, బడికి మోసుకపోయినోడో..."

ఈసారి కెబా నామూ అనలేదు. అతనికి ఎక్కడ ఆగాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. జనం ఆగారు. డోలు ఆగింది.

నర్సింహ ఇస్త్రీ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఆ గొంగడి వాసన అతనికి తెలుసు. తడిసిన ఊలు వాసన, దాని కింద చీకటి, పైన వానచుక్కల చప్పుడు.

"ఊఁ" అన్నాడు.

అండాలమ్మ గబగబా గుమ్మం దగ్గరికి పోయింది. అక్కడ అడ్డంగా గుట్టపడి ఉన్న చుట్టాల చెప్పులన్నీ కాలితో పక్కకు నెట్టి దారి చేసింది. "రా మామా, లోపటికి రా. మెట్లు జర చూసుకోని ఎక్కు" అంది.